దొరగారి లుంగీ బనీను

మా అక్క కొడుక్కి క్యాట్‌లో తొంభై ఎనిమిది పర్సెంటైల్ వచ్చిందన్న కబురు తెనాలి నుంచి వచ్చింది. ఆ మర్నాడే వాడికి సూటు లేదన్న కబురూ వచ్చింది. మొదటిది చెప్పినప్పుడు అక్క గొంతులో సంతోషం, రెండోది చెప్పినప్పుడు కంగారు. వాడు రెండేళ్లు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు నిద్ర కాచి చదివి, నవంబరు ఆఖరి ఆదివారం పరీక్ష రాశాడు. ఆ రెండేళ్లలో ఎవరూ ఇంత కంగారు పడగా నేను చూడలేదు.

"సూటు లేకపోతే లోపలికే రానివ్వరటరా! బావగారూ వాడూ రేపు జన్మభూమికి వస్తున్నారు. నువ్వే దగ్గరుండి కొనిపెట్టాలి."

సూట్ల గురించి నాకేం తెలుసని అడగబోయి ఆగాను. మా ఇంట్లో నా పెళ్లి రిసెప్షన్ ఫొటో ఉంది. అందులో నేను సూటు వేసుకున్నాను. మా చుట్టాల్లో ఆ పాటి అర్హత చాలు.

వాడికి వచ్చిన ఇంటర్వ్యూ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. ఏ సర్టిఫికెట్లు తేవాలో, ఎన్ని గంటలకు రావాలో, ఏ హోటల్లో ఏ హాలో అన్నీ ఉన్నాయి. సూటు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. "మరి ఎవరు చెప్పార్రా?" అంటే వాడు కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన కాగితం తీశాడు. రెండువైపులా అచ్చు. రంగు ముదురు నీలం గానీ బొగ్గు బూడిద గానీ అయ్యుండాలి. నలుపు వద్దు, అది రాత్రి విందులకు. చొక్కా తెలుపు. కోటు చెయ్యి కింద చొక్కా చెయ్యి అర అంగుళం కనపడాలి. టై కొస బెల్టు బకిల్‌ని తాకాలి, దాటకూడదు. బెల్టూ బూట్లూ ఒకే రంగు. మేజోళ్లు కూర్చున్నప్పుడు పిక్క కనపడనంత పొడుగు. రెండు గుండీల కోటైతే పైది పెట్టుకోవాలి, కిందది ఎప్పుడూ పెట్టకూడదు. నిలబడితే గుండీ పెట్టాలి, కూర్చుంటే తియ్యాలి. ఇలా ముప్ఫైకి పైగా ఉన్నాయి. మడి కట్టుకుని శ్రాద్ధం పెట్టే మా తాతగారికి కూడా ఇన్ని నియమాలు లేవు. ఇవన్నీ అయ్యాక, కాగితం అట్టడుగున, చిట్టచివరి సూచన: మీరు మీలాగే ఉండండి.

అమీర్‌పేటలో ఒక పెద్ద షోరూముకి వెళ్లాం. మమ్మల్ని చూడగానే టై కట్టుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చాడు. "ఇంటర్వ్యూకా సార్, రిసెప్షన్‌కా?"

నేను ఆశ్చర్యపోయాను. అంతే మరి, ఆలోచిస్తే మూడోది లేదు. తెలుగువాడి జీవితంలో సూటు వేసుకునే సందర్భాలు రెండే. ఒకటి కంపెనీ వాళ్లు ప్యాకేజీ ఎంత ఇవ్వాలో తేల్చే రోజు. రెండోది, ప్యాకేజీ ఎంతో తెలిశాక పిల్లనిచ్చిన రోజు.

"రెండూ ఒకటే సార్, టై మారిస్తే చాలు" అన్నాడు కుర్రాడు. అంతదాకా ముళ్ల మీద నిలుచున్నట్టున్న మా బావగారి మొహం వెలిగింది. "అదీ! రెండింటికీ పనికొచ్చేది చూపించు" అన్నారు. ఒక పెట్టుబడి, రెండు రాబడులు. మేనేజ్‌మెంట్ చదువుకి వెళ్లాల్సింది కొడుకు కాదు, ఈయనేనని నాకు అప్పుడే అనిపించింది.

కోటు చెయ్యి మీద 'సూపర్ 120' అని జరీ అక్షరాల చీటీ ఉంది. బావగారు అడిగారు. "నూట ఇరవై అంటే ఏంటి బాబూ?"

"క్వాలిటీ సార్."

"నూట యాభై ఉందా?"

"ఉంది సార్. రెండు వేలు ఎక్కువ."

ఆ అంకె ఉన్ని పోగు ఎంత సన్నమో చెప్పే లెక్క. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, బట్ట మెత్తబడుతుంది, తొందరగా నలుగుతుంది కూడా. అంటే ఎక్కువ అంకె ఉన్నది ఎక్కువ కాలం మన్నుతుందని కూడా కాదు. ఇంకో సంగతి, ఆ లెక్క ఉన్నికి సంబంధించింది. కోటు లోపలి జేబు దగ్గర కుట్టిన చిన్న చీటీ తిప్పి చూస్తే పాలియెస్టర్ 65, విస్కోస్ 35 అని ఉంది. గొర్రె వాసన కూడా సోకని బట్టకి గొర్రె పర్సెంటైల్ ఇచ్చారన్నమాట. ఆ మాటంటే కుర్రాడు నొచ్చుకోలేదు. "అందరూ ఇదే తీసుకుంటారు సార్, కాన్ఫిడెన్స్ వస్తుంది" అన్నాడు. ఆ మాట షాపులో ఉన్న గంటలో పదిసార్లు విన్నాను. కాన్ఫిడెన్స్ మీటరు లెక్కన దొరుకుతుందని తెలియక మా తరం అనవసరంగా పుస్తకాలు చదివింది.

వేలితో కోటు ఛాతీ భాగం నలిపి చూశాను. పై బట్టకీ లోపలి బట్టకీ మధ్య కుట్టు లేదు, జిగురుతో అతికించి ఇస్త్రీతో కాల్చారు. ఈ ధరలో చాలావరకు అంతే. నాలుగుసార్లు డ్రైవాష్‌కి వెళితే జిగురు విడిచి ఛాతీ మీద బొబ్బలు లేస్తాయి. నా రిసెప్షన్ సూటు అలాగే పోయింది. ఆ బొబ్బల కోటే వేసుకుని ఒక ఆఫీసు పార్టీకి వెళ్తే, ఒళ్లు ఎక్కడ కాలిందని అడిగారు. అందుకని "రెడీమేడ్ వద్దు, నాకు తెలిసిన టైలరున్నాడు" అని ఇద్దర్నీ సికింద్రాబాద్ జనరల్ బజార్ వెనక సందులోకి లాక్కెళ్లాను.

మాస్టర్ మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. డెబ్భై ఏళ్లుంటాయి. మావాణ్ని ఎగాదిగా చూసి, "ఇంటర్వ్యూకా సాబ్?" అన్నాడు. అవునన్నాం. "మస్తు మంది వస్తున్రు ఈ సీజన్ల. బాబూ, ఊపిరి పట్టకు, సాఫీగ నిలబడు. పొట్ట లోపలికి గుంజితే కోటు తయారయినాక పొట్ట బయటికొస్తది."

కొలతలు తీసుకుంటూనే ఆయన చెప్పిన మాట ఒకటి నాకు ఆ రోజంతా బుర్రలో తిరిగింది. ఇంత పేరున్న మాస్టరు కదా, పెద్ద పెద్ద నాయకులు కూడా ఈయన దగ్గర కోట్లు కుట్టించుకుంటారా అని బావగారు ఆశగా అడిగారు. మాస్టర్ నవ్వాడు.

"లీడర్లు కోటెందుకు కుట్టించుకుంటరు సాబ్? వాళ్లకు తెల్ల ఖద్దర్. సేట్లకు హాఫ్ షర్టు. కోట్లు కుట్టించుకునేటోళ్లు ఎవరంటే బ్యాండోళ్లు, హోటలోళ్లు, వకీళ్లు, పెండ్లికొడుకులు. పెండ్లికొడుకు ఒక్కరోజు ఏస్కుంటడు. బ్యాండాయన రోజూ ఏస్కుంటడు."

ముప్ఫై నియమాల కాగితంలో లేనిది ఇదే. మన దగ్గర సూటు వేసుకున్నవాడు నిలబడతాడు, వేసుకోనివాడు కూర్చుంటాడు. ఏ ఫంక్షన్ హాలులోనైనా చూడండి. ముందు వరస సోఫాలో తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, కాళ్లకి చెప్పులు. వెనక గోడవార కోటు, టై, చేతిలో ట్రే. నందమూరి తారకరామారావు కాషాయం కట్టి రాష్ట్రం ఏలాడు, రాజశేఖరరెడ్డి పంచె కట్టి ఏలాడు. ఐఎస్‌బీని పట్టుబట్టి గచ్చిబౌలికి రప్పించిన ముఖ్యమంత్రిని తలుచుకుంటే జనానికి గుర్తొచ్చేది ఆ ఒకే రంగు చొక్కా ప్యాంటే. 2001లో ఆ బిజినెస్ స్కూలు తలుపులు తెరిచింది మొదలు, దాని గేటు ముందు సూటులో చెమటలు కక్కుతూ నిలబడ్డవాళ్లకి మాత్రం లెక్కలేదు. అంతకు ముందు ఈ ఊరిని ఏలిన ఏడో నిజాము సంగతి చెప్పనే అక్కర్లేదు. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన మనిషి, మాసిన షేర్వాణీ, పాత టోపీతో కాలం గడిపాడు. ఆయన ఈ కోచింగ్ సెంటర్‌కి మాక్ ఇంటర్వ్యూకి వస్తే గ్రూమింగ్‌లో సున్నా.

ఏలేవాడు కోరి సూటు వేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2015 జనవరిలో ప్రధానమంత్రి ఒంటి మీద గీతలన్నీ తన పేరే అయిన సూటు కనపడింది. వచ్చిన ఎకసెక్కాలకి నెల తిరక్కుండా అది సూరత్‌లో వేలానికి పోయింది, 4 కోట్ల 31 లక్షలకి. మావాడి సూటుకి రెండో ధర ఎంత వస్తుందని బావగారు అడగలేదు గానీ, అడిగేవారే.

పోనీ అమెరికా వేరంటారా? అక్కడ టీషర్టులోనే కోటానుకోట్లు గడించిన జుకర్‌బర్గ్ ఒక రోజు ముదురు రంగు సూటు వేసి, నీలం టై కట్టాడు. 2018 ఏప్రిల్‌లో సెనేట్ సభ్యులు పిలిచి కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నలడిగిన రోజు. అడిగేవాడికి ఏ బట్టయినా బట్టే. జవాబు చెప్పుకోవాల్సినవాడికే సూటు.

అసలు ఈ సూటు పుట్టుక తెలిస్తే మా తాతగారు కూడా నవ్వేవారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్దమనిషి కొలువుకి, చర్చికి, పట్నంలో పనికి వెళ్లాలంటే మోకాళ్లదాకా వచ్చే ఫ్రాక్ కోటు వేసేవాడు. ఇంట్లో తీరిగ్గా ఒరగడానికి, పల్లెలో షికారుకి పొట్టిగా, వదులుగా కుట్టించుకున్నదే ఈ లౌంజ్ సూటు. లౌంజ్ అంటేనే ఒరగడం. అది వేసుకుని కొలువుకి పోవడం ఆ రోజుల్లో మర్యాద తక్కువ. అంటే మనవాళ్లు ముప్ఫై నియమాలు బట్టీపట్టి, పాతికవేలు పోసి, మార్చి ఎండలో ఒంటికి చుట్టుకుని వెళ్తున్నది దొరగారి లుంగీ బనీను. రేపెప్పుడో మన చంద్రమండలపు వలస రాజ్యంలో ఎవడో కుర్రాడు ఇంటర్వ్యూకి గళ్ల లుంగీ కట్టుకుని, మడత ఏ మోకాలి దగ్గరికి రావాలో కాగితం చూసి సర్దుకుంటాడు.

కోటు వెనక కింద చీలిక ఎందుకుంటుందని మావాడు అడిగితే మాస్టర్ "ఫ్యాషన్" అన్నాడు. కాదు, గుర్రం ఎక్కితే కోటు రెండు పక్కలా పడడానికి. గుర్రం పోయి నూరేళ్లయింది, చీలిక ఉంది. మావాడు ఎక్కాల్సింది గుర్రం కాదు, మా ఆవిడ యాక్టివా. ఆ చీలికని షోరూముల్లో కచ్చా దారంతో ఇంటూ గుర్తులా కుట్టి అమ్ముతారు, ఇంటికెళ్లాక అది విప్పాలి. ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఇంటర్వ్యూ రోజున వరండాలో చూశాను, పదిమందిలో ముగ్గురి వెనక ఆ ఇంటూ గుర్తు అలాగే ఉంది. ఒకడి చేతి మీద జరీ చీటీ కూడా ఉంది. దర్జాగా, అంకె అందరికీ కనపడేలా.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఈ సూటు పిచ్చి మనతో మొదలవలేదు. 1888లో లండన్‌కి బారిస్టరు చదువుకి వెళ్లిన పద్దెనిమిదేళ్ల గాంధీ ఓడ దిగే రోజుకని తెల్ల ఫ్లానెల్ బట్టలు దాచుకుని వేసుకుంటే, తీరా చూస్తే అక్కడ అలా దిగినవాడు తనొక్కడే. తర్వాత, బొంబాయిలో కుట్టించినవి ఇంగ్లిషు సమాజానికి నప్పవని పక్కన పెట్టి కొత్తవి కొన్నాడు. పందొమ్మిది షిల్లింగుల టోపీ, బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్ల సాయంకాలపు సూటు. రోజూ అద్దం ముందు పది నిమిషాలు టై సర్దుకోవడానికీ పాపిడి తీసుకోవడానికీ పోయేవని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. అదే మనిషి 1931లో కొల్లాయితో బకింగ్‌హామ్ రాజమందిరంలోకి నడిచి వెళ్లాడు. ఆ నలభై ఏళ్లలో ఏమైందో మావాడి కోచింగ్ సిలబస్‌లో లేదు.

కానీ కొల్లాయి అందరికీ చెల్లే బట్ట కాదు. మీ ఊళ్లో నాలుగు వీధులు కలిసేచోట సూటు వేసుకుని నిలబడ్డ మనిషి ఒకడే ఉంటాడు, గమనించారా? నీలం సూటు, చేతిలో పుస్తకం, చాచిన వేలు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ గట్టు మీద 125 అడుగులు, విజయవాడ స్వరాజ్ మైదానంలో మరో 125 అడుగులు. మంచి బట్ట కడితేనే నేరమని కొట్టిన దేశంలో అంబేడ్కర్ సూటు వేసుకున్నాడు. గాంధీ విప్పగలిగాడంటే, విప్పినా తక్కువవని కులంలో పుట్టాడు గనక. ఆ నీలం సూటు ఎదుటివాణ్ని నిలదియ్యడానికి వేసుకున్నది. తొలితరంగా చదువుకుని, వాడల్లోంచి వచ్చి, అదే రంగు సూటు వేసుకుని ఆ వరండాలో కూర్చున్న పిల్లలూ ఉంటారు. వాళ్ల మీద నాకు నవ్వు రాదు. నా నవ్వంతా, ఆ సూటునే తీసుకుని, అందులోంచి చాచిన వేలు కత్తిరించి, చేతులు కట్టుకునే భంగిమ కుట్టి అమ్ముతున్నవాళ్ల మీద.

ఆడపిల్లల సంగతి మర్చిపోయాననుకోకండి, కోచింగ్ కాగితం మర్చిపోయింది. వాళ్లకి అందులో రెండే లైన్లు: హుందాగా ఉండాలి, నగలు తక్కువ ఉండాలి. మా వీధిలో అమ్మాయి ఒకతి ఇంటర్వ్యూకని సూటు అడగడానికి వెళ్తే, చుడీదార్ బట్టల వైపు చెయ్యి చూపించారట, "లేడీస్ సూట్సు అటు మేడమ్" అని. చివరికి వాళ్లమ్మ నేత చీర కట్టుకుని, పదకొండు పిన్నీసులు పెట్టుకుని వెళ్లింది. కొన్నేళ్ల కిందట ఇంటర్వ్యూలన్నీ కంప్యూటర్ తెర మీదే జరిగినప్పుడు మగపిల్లలు పైన కోటూ కింద నిక్కరుతో గట్టెక్కేశారు. చీరకి ఆ సౌకర్యం కూడా లేదు.

మార్చి మొదటివారం. బయట ముప్ఫై ఏడు డిగ్రీలు. వకీళ్లకైనా ఎండాకాలంలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమం పెట్టింది. ఎంబీయే అభ్యర్థికి ఆ పాటి దయ చూపే కౌన్సిల్ లేదు. యాక్టివా మీద కోటు నలుగుతుందని మా బావగారు దాన్ని హ్యాంగరుతో సహా రెండు చేతులా పట్టుకుని ఆటోలో వెనకొచ్చారు, దేవుడి ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా.

వరండాలో కుర్చీల్లో అందరూ ముదురు నీలం. అందరి చొక్కాలూ తెలుపు. అందరి టై కొసలూ బెల్టుని తాకుతున్నాయి. మీలో ప్రత్యేకత ఏమిటన్న ప్రశ్నకి జవాబు నెమరు వేసుకుంటూ, అందరి పెదవులూ ఒకేలా కదులుతున్నాయి.

మావాడు లోపల ఇరవై నిమిషాలున్నాడు. బయటికొచ్చి చెప్పాడు. బల్ల అవతల ముగ్గురు. ఒకాయన చేతులు మడిచిన గళ్ల చొక్కా, కాళ్లకి శాండల్స్. ఒకావిడ నూలు చీర. మూడో ఆయన స్వెట్టరు, ఎందుకంటే లోపల ఏసీ పద్దెనిమిదిలో ఉంది.

"ఏమడిగార్రా?" అన్నారు బావగారు.

"రెపో రేటు అడగలేదు నాన్నా. ద్రవ్యోల్బణం అడగలేదు. గళ్ల చొక్కా ఆయన నా కోటు వైపు చూసి, ఇది ఎక్కడ కొన్నావన్నాడు. టైలర్ దగ్గర కుట్టించానన్నాను. ఎంతైంది అన్నాడు. చెప్పాను. అందులో బట్ట ఎంత, కుట్టుకూలి ఎంత, ఆయనకి మిగిలేది ఎంత, రోజుకి ఎన్ని కుడతాడు, సీజన్ కాని నెలల్లో ఎలా బతుకుతాడు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నాకు తెలియదన్నాను. నువ్వు ఆయన ముందు గంటసేపు నిలబడ్డావు కదా, అడగాలనిపించలేదా అన్నారు."

నేనేమీ మాట్లాడలేదు. ఆ గంటసేపూ నేనూ అక్కడే ఉన్నాను. నేనూ అడగలేదు.

బావగారు మాత్రం "సరే, కోటు గురించి అడిగారంటే కోటు నచ్చినట్టేగా" అన్నారు. ఆయన లెక్క ఆయనది. ఆటో మాట్లాడడానికి మేమిద్దరం గేటు దాకా వెళ్లాం. మావాణ్ని లిఫ్టు దగ్గర, చల్లగా ఉంటుందని, నిలబడమన్నాం.

ఫాల్గుణం ముహూర్తాలు. అదే హోటల్ కింది హాల్లో ఏదో పెళ్లి. నేను తిరిగొచ్చేసరికి తెల్ల ఖద్దరు చొక్కా, మెడలో లావుపాటి గొలుసు, చంకలో చిన్న బ్యాగు, వెనక నలుగురు మనుషులతో ఒక పెద్దాయన మావాడి ముందు ఆగి ఉన్నాడు.

"తమ్ముడూ, భోజనాలు ఎటు?"

మావాడు ఒక్క క్షణం తడబడ్డాడు. చెయ్యి దానంతటదే పై గుండీ మీదికి వెళ్లింది. నిలబడ్డప్పుడు పెట్టుకోవాలి కదా, పెట్టుకున్నాడు. నడుం కొద్దిగా వంచి, కోచింగ్‌లో నేర్పిన చిరునవ్వు చెదరకుండా, అయిదు వేళ్లూ కలిపి కుడివైపు చూపించాడు.

"ఇటు సార్."